ముప్పై ఒకటో నంబరు

“ముప్పై ఒకటో నంబరు ఏమైంది?” నమ్రత మళ్ళీ అడిగింది.

శ్రీధర్ టోస్టర్‌కి ఎదురుగా నిలబడ్డాడు. బ్రెడ్డు పైకి లేచి రెండు నిమిషాలయింది. అతను తీసుకోలేదు.

“చెప్పాను కదా, డూప్లికేట్ అది. డిలీట్ చేశాను.”

“డూప్లికేట్ అయితే మొదటిది ఏ నంబరు?”

“పొద్దున్నే ఇదేంటి నమ్మూ. వర్ష ఫ్లైట్ పదకొండింటికి. నేను బయల్దేరాలి.”

“మీరు నంబర్ డిలీట్ చెయ్యరు. క్లోజ్ చేస్తారు. ఎందుకు క్లోజ్ చేశారో పక్కన రాస్తారు. ఎనిమిది పుస్తకాల్లో ఒక్క నంబరు కూడా మాయం కాలేదు.”

మామూలు రోజుల్లో నమ్రతకి మొగుడు ‘నువ్వు’. కోపం వస్తేనే ‘మీరు’ అవుతాడు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఆ మర్యాద అతనికి మహా అయితే పదిసార్లు దక్కి ఉంటుంది. మంగళవారం నుంచి మాత్రం అమెరికాలో, బాతెల్ ఊళ్ళోని ఆ ఇంట్లో మర్యాదకి కొదవ లేదు.

శ్రీధర్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజరు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. భార్య రాసే డిటెక్టివ్ నవలల్లో తప్పులు పట్టడం అతని సరదా. ఏ నవలైనా న్యూయార్క్‌లోని ఎడిటర్ హెలెన్‌కి వెళ్ళేముందు అతని చేతిలో పడాల్సిందే. ఎక్సెల్ షీటు తెరిచి, నంబరు, పేజీ, తప్పేమిటి, ఎంత పెద్ద తప్పు, అది తప్పని తనకెలా తెలుసు అని ఐదు గడులు పెట్టుకుని కూర్చుంటాడు. మొదటి నవలలో డిసెంబరు నెల సాయంత్రం ఐదింటికి సూర్యాస్తమయం రాసింది నమ్రత. ఆ నెలలో ఇక్కడ నాలుగున్నర దాటాక సూర్యుడే ఉండడని పట్టుకున్నాడు. ఎలా తెలుసు అన్న గడిలో ‘ఆఫీసు కిటికీ’ అని రాశాడు. ఆ షీటు చూసి ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఇప్పుడు తొమ్మిదో నవల. మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి అతని షీటు మెయిల్‌లో వచ్చింది. ఒంటి గంటా ఐదుకి ఇంకోటి వచ్చింది, ముందుది తీసెయ్, ఇది వాడు అని. ముందుదాంట్లో నలభై ఏడు తప్పులున్నాయి. రెండోదాంట్లో ముప్పై తర్వాత ముప్పై రెండు ఉంది.

తీసెయ్ అనగానే తీసేసే మనిషైతే నమ్రత డిటెక్టివ్ నవలలు రాసేది కాదు.

ఆమె మడిచిన కాగితం ఒకటి తెచ్చి వంటింటి మధ్య గట్టు మీద పెట్టింది. ప్రింటు తీసి నాలుగు రోజులయింది. మడతల దగ్గర నలిగిపోయింది.

“చదవనా?”

“వద్దు.”

చదివింది.

“పేజీ రెండు వందల పన్నెండు. లైఫ్ జాకెట్‌కి బకిల్ విరిగిందని రాశావు. తప్పు. దానికి ఉన్నది జిప్. కింది పట్టీ తెగితే ఆకుపచ్చ నైలాన్ తాడుతో కట్టారు. మూడు ముళ్ళు. తీవ్రత, హై. ఎలా తెలుసు…” నమ్రత తలెత్తి అతని వీపు వైపు చూసింది. చివరి గడి చదివింది. “చూశాను.”

శ్రీధర్ చల్లారిన బ్రెడ్డు తీసి ప్లేట్లో పెట్టాడు. వెన్న రాయలేదు.

“ఎక్కడ చూశారు?”

“పార్కింగ్ లాట్‌లో అయ్యుంటుంది. అవినాష్ వేసుకుంటుంటే చూశానేమో.”

“పిక్నిక్ నాడు మీరు ఐస్ తేవడానికి వెళ్ళింది పదిన్నరకి. ఐస్ వేసే నీలం కూలర్ డబ్బా నేనే మీ చేతికిచ్చాను. అప్పటికి అవినాష్ జాకెట్ వేసుకోనే లేదు. కూర్చుని పిల్లలకి పుచ్చకాయ కోసి పెడుతున్నాడు.”

“అయితే తర్వాతెప్పుడో వర్ష చెప్పుంటుంది. ఆ వారమంతా ఏడుస్తూ ఎన్ని చెప్పిందో. అన్నీ నాకెలా గుర్తుంటాయి.”

కావచ్చు. నాలుగు రోజులుగా నమ్రత ఇలాంటి జవాబు కోసమే కాచుకుని ఉంది. ఇది నిజమైతే ఆ కాగితం చింపి చెత్తబుట్టలో వేసి, మొగుణ్ణి మళ్ళీ నువ్వు అనొచ్చు.

“షాపు పావుగంట దూరం. మీరు తిరిగొచ్చింది పన్నెండున్నరకి.”

“జూలై ఫోర్త్ సెలవునాడు షాపులో లైన్ ఉండదా? పదకొండేళ్ళ తర్వాత ఐస్ తేవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పాలా నీకు?”

“నాకొద్దు. వర్షనే అడుగుతాను. ఇవాళ వస్తోందిగా.”

శ్రీధర్ మొదటిసారి ఇటు తిరిగాడు. నాలుగు రోజులుగా సరిగా నిద్రలేని ముఖం. గడ్డం గీసుకున్నాడు గానీ చెవి కింద ఒక చోట వదిలేశాడు. ఎక్కడా ఏదీ వదిలేసే మనిషి కాడతను.

“దాన్ని అడక్కు. మానిన పుండు గెలక్కు.” గొంతు తగ్గించి అన్నాడు. “ఈ పుస్తకం పంపకు నమ్మూ. ఇంకో ఆర్నెల్లు కావాలని హెలెన్‌కి మెయిల్ పెట్టు. నీ మాట కాదనదు.”

“సోమవారం డెడ్‌లైన్. ఎందుకు పంపకూడదో చెప్పండి, పెడతాను.”

అతను వాచీ చూసుకున్నాడు. కారు తాళాలు తీసుకున్నాడు. గరాజ్ తలుపు దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా, “గుత్తి వంకాయ చెయ్యి. వర్షకి ఇష్టం,” అని వెళ్ళిపోయాడు.

*

నమ్రత ఈ దేశం వచ్చింది డిపెండెంట్ వీసా మీద. ఆ వీసాతో ఉద్యోగం చెయ్యకూడదు. తోటి ఆడవాళ్ళు పిల్లల పెంపకంలో పడ్డారు, లేదా కేకులు నేర్చుకున్నారు. నమ్రతకి పిల్లలు కలగలేదు, కేకులు పొంగలేదు. రోజూ నడిచి బాతెల్ లైబ్రరీకి వెళ్ళి కూర్చునేది. చలికాలమంతా ఒకే కుర్చీలో కనపడే ఈ పిల్లని చూసి, అక్కడి ముసలి లైబ్రేరియన్ ఒక డిటెక్టివ్ నవల చేతిలో పెట్టింది. కంటిచూపు తగ్గినవాళ్ళ కోసం పెద్దక్షరాలతో అచ్చేసిన పుస్తకం. రెండేళ్ళలో ఆ అరలన్నీ చదివేశాక, ఇంక చదవడానికేం లేక, నమ్రత తనే ఒకటి రాసుకుంది.

చీరలూ ఆవకాయలూ రాయలేదు. ఎడ్నా ప్రూయిట్ అనే అరవై మూడేళ్ళ స్కూల్ బస్సు డ్రైవర్ని పుట్టించింది. ఎడ్నాకి మోకాళ్ళ నొప్పులు, నోటి దురుసు. ఏ పిల్ల ఏ గుమ్మంలోంచి ఏడుస్తూ వచ్చి బస్సెక్కిందో మర్చిపోదు. హత్యలు వాటంతటవే తేలిపోతాయి. రచయితల తరఫున పుస్తకాన్ని పబ్లిషర్లకి అమ్మిపెట్టే ఏజెంట్లు ముప్పై నాలుగు మంది వద్దన్నారు. ఇరవయ్యో తిరస్కారం వచ్చిన రోజు శ్రీధర్ కేకు తెచ్చి, కొవ్వొత్తి వెలిగించి, కోయించాడు. ఉద్యోగం ఎప్పుడు చూసుకుంటావని ఒక్కరోజు కూడా అడగలేదు. ముప్పై అయిదో ఏజెంటు, ‘నీ పేరు చూసి ఇంకేదో కథ అనుకున్నాను సుమా’ అంటూనే పుచ్చుకుంది.

ఎనిమిది పుస్తకాలు వచ్చాయి. ఒక అవార్డు వచ్చింది. తెల్లజుట్టు అమెరికన్ ఆడవాళ్ళు చేతులు పట్టుకుని, ‘మా సంగతులు నీకెలా తెలుసమ్మాయ్’ అని అడిగేవారు. పనీపాటా లేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను కదా అని చెప్పేది.

రెండేళ్ళ క్రితం హెలెన్ అడిగింది, ఈసారి నీ వాళ్ళ గురించి రాయమని. నమ్రత తప్పించుకు తిరిగింది. చివరికి ఆమె కథ ఆ పాత సరస్సు దగ్గరికే వెళ్ళింది.

పదకొండేళ్ళ క్రితం జూలై ఫోర్త్ నాడు, ఇక్కడికి రెండు గంటల దూరంలో, ఆరు తెలుగు కుటుంబాలు ఆ సరస్సు ఒడ్డుకి పిక్నిక్‌కి వెళ్ళాయి. శ్రీధర్ టీమ్‌లోనే పనిచేసే అవినాష్ ఒక్కడే కయాక్ అనే చిన్న పడవ వేసుకుని నీళ్ళలోకి వెళ్ళాడు. మధ్యాహ్నానికి కయాక్ బోర్లపడి కనిపించింది. సాయంత్రానికి అతను శవమై దొరికాడు, ఒంటిమీద లైఫ్ జాకెట్ లేకుండా. ఆ ఎర్ర జాకెట్ ఎక్కడా దొరకలేదు. మధ్యలో తనే విప్పేసి ఉంటాడు, ప్రమాదం అని రిపోర్టు రాశారు. అతని భార్య వర్ష మూడేళ్ళ కొడుకు ఆరుష్‌ని తీసుకుని కాలిఫోర్నియాలో శాన్ రామన్ వెళ్ళిపోయింది.

నమ్రత నవలలో అది హత్య. చంపినవాడు స్నేహితుడు, కట్టెలు తెస్తానని వెళ్ళినవాడు. హత్య జరిగినప్పుడు అక్కడ లేని మనిషిని ఎడ్నా ముందు అడుగుతుంది, అందుకని అతన్ని ఎంచుకుంది. కారణం కూడా కావాలి కనక, ఒకే టీమ్‌లో ఇద్దరు, అందులో ఒకరి ఉద్యోగం పోతుంది, పోయినవాడు వీసా ప్రకారం అరవై రోజుల్లో దేశం వదలాలి అని రాసింది. ఆ ఏడు శ్రీధర్ టీమ్‌లో అలాంటి మాటే వినపడింది. అవినాష్ పోయాక ఎవర్నీ తియ్యలేదు. వంటింట్లో చేతికందిన ఉప్పు వేసినట్టు నమ్రత ఆ సంగతి కథలో వేసింది. బకిల్ విరగ్గొట్టింది కూడా తన ఊహే.

రాసేముందు వర్షకి ఫోన్ చేసి అడిగింది. “రాయి వదినా. కానీ పంపేముందు నేను చదవాలి,” అంది వర్ష. అందుకే ఇవాళ వస్తోంది.

*

“కోర్టులో లాయర్లలా మాట్లాడుకుంటున్నారేవిటే ఇద్దరూ?”

అత్తగారు లక్ష్మీకాంతం వంకాయలు తుడుస్తూ అడిగింది. మొగుడు పోయాక బాపట్ల నుంచి వచ్చి ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటోంది. కోడలి పుస్తకాలు ఆవిడకి చదవడం రాదు. టాబ్లెట్‌లో తెలుగు వారపత్రిక సీరియళ్ళు చదువుతుంది, హంతకుణ్ణి కోడలికంటే ముందు చెప్తుంది.

“ఏం లేదత్తయ్యా. పుస్తకం గొడవ.”

“మళ్ళీ తప్పులు పట్టాడా?”

“పట్టాడు.”

“వాడికి చిన్నప్పట్నుంచీ అదే రోగం. శుభలేఖలు కూడా ఎర్ర పెన్సిలు పెట్టి దిద్దేవాడు.” ఆవిడ వంకాయ తొడిమ పట్టుకుని నవ్వింది. “ఏడో క్లాసులో ఉండగా స్కూల్లో కిటికీ అద్దాలు పగిలాయి. ఎవరి పనో తెలీదు. హెడ్మాస్టరు అందర్నీ వరసలో నిలబెట్టి, రెండద్దాలు పగలగొట్టిన వెధవ ఎవడ్రా అన్నాట్ట. మనవాడు చెయ్యెత్తి, రెండు కాదు సార్, మూడు, వెనకవైపు ఇంకోటుంది అన్నాడు.”

నమ్రత చేతిలో కత్తి ఆగింది.

“వాడే కొట్టాడే. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. లెక్క తప్పు చెప్పారని నోరు విప్పి దొరికిపోయాడు వెర్రినాగన్న. వీపు చిట్లగొట్టారు.”

ఆవిడ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతోంది. ఎప్పుడో విన్న కథే అయితే నమ్రత కూడా నవ్వేది. ఇదే మొదటిసారి వినడం.

“కాస్త కూర చూస్తారా అత్తయ్యా. ప్రింటు తీసుకోవాలి,” అని లేచింది.

తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని రెండు వందల పన్నెండో పేజీ తెరిచింది. తెలిసిన తప్పుని ఆమె ఎప్పుడూ ఎడిటర్‌కి పంపలేదు. కానీ ఇవాళ్టి సంగతి అది కాదు. ఆ జాకెట్ గురించి వర్షే శ్రీధర్‌కి చెప్పి ఉంటే, ఆ వాక్యం ఆమెకి వింత కాదు. చదివి ముందుకి వెళ్ళిపోతుంది. చెప్పి ఉండకపోతే అక్కడ ఆగుతుంది.

అడక్కుండానే తెలిసిపోతుంది.

బకిల్ తీసేసింది. జిప్ పెట్టింది. తెగిన పట్టీ, ఆకుపచ్చ తాడు, మూడు ముళ్ళు. నాలుగు లైన్లు రాయడానికి ముప్పావుగంట పట్టింది. ప్రింటర్ మొదలయ్యాక ఆమె లేచి దాని పక్కనే నిలబడింది. ఈ ఇల్లు, కేకు కోయించిన మనిషి, ఆఫీసు కిటికీలోంచి సూర్యుణ్ణి చూసి తన కోసం టైం రాసి పెట్టిన మనిషి, అన్నీ ఆ ఒక్క కాగితం మీద ఉన్నాయి. వర్ష ఆగకుండా చదివేస్తే చాలు దేవుడా, నేను ఇంకేం అడగను అనుకుంది.

*

వర్ష నలభై మూడేళ్ళ మనిషి. ఫార్మసీలో పని. సన్నగా, పొడుగ్గా, జుట్టు కురచగా కత్తిరించుకుని ఉంది. లోపలికి వస్తూనే లక్ష్మీకాంతం కాళ్ళకి దణ్ణం పెట్టింది, నమ్రతని కౌగిలించుకుంది. వెనక శ్రీధర్ సూట్‌కేసు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడలేదు.

భోజనాల దగ్గర మాటలన్నీ లక్ష్మీకాంతమే మాట్లాడింది.

“ఆరుష్ ఎంత ఎత్తయ్యాడే?”

“నన్ను దాటాడు పిన్నీ. ఇవాళ సాకర్ గేమ్ ఉందని ఫ్రెండ్ ఇంట్లో ఉన్నాడు.” వర్ష అన్నం కలుపుతూ ఆగింది. “వాడే అడిగాడు వదినా, బుక్‌లో ఏముందో చూసి రమ్మని. డాడీ జాకెట్ ఎందుకు తీసేశాడమ్మా అంటాడు ఎప్పుడూ. నాకేం తెలుసు? నాకూ అదే కోపం. మూడేళ్ళ పిల్లాడున్నాడు, ఆ మాత్రం ఒంటిమీద ఉంచుకోలేడా అని.”

శ్రీధర్ గ్లాసు ఎత్తి మంచినీళ్ళు తాగాడు. సగం తాగి కింద పెట్టి, మళ్ళీ ఎత్తాడు.

“అన్నయ్యగారైతే కార్‌లో అసలు చదవొద్దన్నారు,” అంది వర్ష.

“వద్దనలేదు. ఫ్లైట్‌లో వచ్చావు, రెస్ట్ తీసుకోమన్నాను.”

“చదవకపోతే నీకే మంచిది అన్నారు కదా?”

శ్రీధర్ వంకాయ తొడిమ ప్లేటు అంచుకి జరిపాడు.

“చదవనీరా,” అంది లక్ష్మీకాంతం. “అంత దూరం నుంచి వచ్చింది అందుకేగా. ఇంకాస్త కూర వేసుకో అమ్మాయ్.”

*

ఒంటి గంటకి వర్ష హాల్లో కిటికీ పక్క సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. బయట సన్నగా వాన. పెరట్లో మేపుల్ ఆకులు తడిసి గడ్డికి అతుక్కున్నాయి. చదివిన కాగితాలు బోర్లించి పక్కన పెట్టుకుంటోంది.

శ్రీధర్ మొదట హీటర్ సరిచెయ్యడానికి వచ్చాడు. తర్వాత ఫోన్ చార్జరు వెతుక్కోవడానికి వచ్చాడు.

“ఎంతవరకు వచ్చావు వర్షా?”

“నూటపది. బస్సావిడ భలే ఉంది అన్నయ్యగారూ.”

మూడోసారి టీ తెచ్చిచ్చాడు. ఆ ఇంట్లో అతను టీ పెట్టి ఎన్నాళ్ళయిందో. కప్పు ఇస్తూ కాగితాల మీద పేజీ నంబరు చూసుకున్నాడు. రెండు వందల ఎనిమిది.

అక్కణ్ణించి తిన్నగా వంటింట్లోకి వచ్చాడు. నమ్రత గిన్నెలు కడుగుతోంది. పక్కన నిలబడి గొంతు బాగా తగ్గించి అడిగాడు.

“బకిల్ అలాగే ఉంచావు కదా?”

“లేదు. ఫిక్స్ చేశాను.”

“ఏంటి?”

“హై సివియారిటీ అని రాశారుగా. మీరు హై అన్నది ఎప్పుడైనా ఫిక్స్ చెయ్యకుండా వదిలానా?”

అతను కౌంటర్ పట్టుకున్నాడు.

“ఆ పేజీ తీసెయ్. ఏదో ఒకటి చెప్పు, ప్రింటు సరిగా రాలేదని చెప్పు. ఇప్పుడే వెళ్ళు.”

“ఎందుకు? వర్షే మీకు చెప్పింది కదా. తను చెప్పిన సంగతి తను చదివితే ఏమవుతుంది?”

పంపు కట్టేసి ఆమె అతని వైపు తిరిగింది. అతను కాదంటాడని, చెప్పింది వర్ష కాదు ఇంకెవరో అంటాడని, ఏదో ఒకటి అంటాడని చూసింది. ఇరవై మూడేళ్ళుగా చూస్తున్న ముఖం. ఆ ముఖంలో ఇప్పుడు కోపం లేదు. భయం ఉంది. నమ్రత తడిచేతులు తుడుచుకుంది.

“శ్రీధర్,” అంది, చాలా నెమ్మదిగా. “చెప్పు. ఇప్పుడైనా నాకు చెప్పు.”

మంగళవారం తర్వాత అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అతని పెదవులు కదిలాయి. నోట్లోంచి మాట వచ్చేదేనేమో.

“వదినా,” హాల్లోంచి వర్ష పిలిచింది. “ఒక్కసారి ఇలా వస్తావా?”

*

సోఫాలో వర్ష కాళ్ళు కిందకి దించి కూర్చుని ఉంది. ఒక్క కాగితం ఒళ్ళో ఉంది. టీ అలాగే ఉంది, మీగడ కట్టింది.

“ఇది నీకెవరు చెప్పారు?”

“ఏది?” అంది నమ్రత.

“మూడు ముళ్ళు.”

నమ్రత ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

“ముందు నువ్వు చెప్పు వర్షా. నువ్వు ఎవరికైనా చెప్పావా?”

“ఎవరికి చెప్తాను? అది చెప్పుకునేదా?” వర్ష కాగితాన్ని వేళ్ళతో సాపు చేసింది. “జాకెట్ కింది పట్టీ అక్కడే తెగింది, నీళ్ళ దగ్గర. పదకొండు దాటింది. మీరందరూ అటు టేబుల్స్ దగ్గరున్నారు. బట్టలారేసుకునే తాడు ముక్క నా బ్యాగ్‌లో ఉంటే దాంతో కట్టాను. కడుతుంటే నవ్వాడు. మూడు ముళ్ళు వెయ్యవే, ఈసారి నీ వంతు అన్నాడు. వేశాను. గట్టిగా బిగించాను వదినా, తడిస్తే ఇంకా బిగుసుకుంటుందని. ఆరుష్ ఏడుస్తున్నాడని వెనక్కొచ్చేశాను. అంతే. అదే ఆఖరు.”

వాన చప్పుడు కొంచెం పెరిగింది.

“పోలీసులకి?”

“జాకెట్ ఉంది, ఎర్రది, జిప్‌ది అని చెప్పాను. ముళ్ళ సంగతి చెప్పలేదు. అది మా ఇద్దరిదీ. మా అమ్మకి కూడా చెప్పలేదు.” ఆమె తలెత్తింది. కళ్ళలో నీళ్ళు లేవు. ఏదో కూడుకుంటున్న మనిషిలా ఉంది. “అంత ముడి నీళ్ళలో ఒక్కడూ ఎలా విప్పుకున్నాడా అని నేనూ అనుకునేదాన్ని. విప్పుకున్నాడన్నారు కాబట్టి విప్పుకున్నాడనుకున్నాను. పదకొండేళ్ళు ఆయన్నే తిట్టుకున్నాను. నువ్వు టేబుల్ దగ్గరే ఉన్నావు, నువ్వు చూళ్ళేదు. ఎవరు చెప్పారు నీకు?”

నమ్రత నోరు తెరిచింది. ఎనిమిది పుస్తకాల్లో ఎడ్నా ఈ చోటికి వచ్చినప్పుడు ఒక్కోసారి ఒక్కో మాట అంది. ఆ మాటలన్నీ రాసింది తనే. ఇప్పుడు ఒక్కటీ రాలేదు.

ఆమె చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. మడతల దగ్గర నలిగిన కాగితం అక్కడే ఉంది. తీసి వర్షకి ఇచ్చింది.

వర్ష చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. చివరి గడిలో ‘చూశాను’ అన్న మాట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

“ఇది ఎవరి షీటు?”

నమ్రత జవాబు చెప్పక్కర్లేకపోయింది. ఆ షీట్లు చూసి వర్ష కూడా ఒకప్పుడు నవ్విందే.

“అన్నయ్యగారూ,” అని వర్ష పిలిచింది. అరవలేదు. కూర అందించమని అడిగినట్టే పిలిచింది.

వంటింట్లోంచి జవాబు రాలేదు. కాసేపటికి లక్ష్మీకాంతం టాబ్లెట్ చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“వాడిప్పుడే వెళ్ళాడమ్మా.”

“ఎక్కడికి అత్తయ్యా?”

“ఐసు తెస్తానన్నాడే. గరాజ్‌లోంచి ఆ నీలం డబ్బా కూడా పట్టుకెళ్ళాడు. ఈ చలిలో ఐసెందుకురా అంటే పలక్కుండా పోయాడు. మీరేవన్నా అడిగారా?”

వర్ష తల తిప్పి నమ్రత వైపు చూసింది.

వీధిలో కారు మలుపు తిరిగిన చప్పుడు వాన చప్పుడులో కలిసిపోయింది. వంటింట్లో ఫ్రిజ్ ఎప్పట్లాగే తనంతట తనే ఐస్ ముక్కలు చేసి గలగలా డబ్బాలో పోసుకుంది.